పాత పెట్రోలు పంపుకు ఏ రంగు వేయాలి?



క్రిస్మసుకు ముందు మందిరానికి సున్నం వేయించే రోజులు మీకు తెలిసినవే. సున్నంలో నీలిమందు ఎంత కలపాలి, తలుపులకు పచ్చ వేయాలా కాఫీపొడి రంగు వేయాలా అన్న దగ్గర సంఘ పెద్దలు రెండు జట్లుగా విడిపోవడం నేను పనిచేసిన ప్రతి సంఘంలోనూ చూచాను. సిద్ధాంత విషయాలలో ఎప్పుడూ నోరు తెరవని సహోదరుడు కూడా రంగు దగ్గర లేచి నిలబడతాడు. నవ్వులాటకు అంటున్నాను గాని, రంగు చిన్న విషయం కాదు. ఒక వస్తువును చూచేవాడికి మనం మొట్టమొదట చెప్పే మాట దాని రంగే.

ఈ నెల జవాబు వ్రాయవలసిన ప్రశ్న అటువంటిదే. ఎస్. రాయవరం మండలంలోని ఒక విశ్వాసుల కుటుంబం, ఇద్దరు అన్నదమ్ములు, "అయ్యగారూ, మా నాన్నగారి పాత పెట్రోలు పంపును బాగుచేయిస్తున్నాం. ఏ రంగు వేయాలో మీరే తేల్చండి. మాలో మాకు కుదరడం లేదు" అన్నారు. పెండ్లి సంబంధాల గురించి, పొలం గట్ల తగాదాల గురించి అడిగినవారు చాలామంది ఉన్నారు గాని, ఇనుప పంపుకు రంగు చెప్పమన్నవారు వీరే మొదటివారు. పత్రికలో వ్రాయవచ్చునా అంటే, సంగతి వ్రాయండి, పేర్లు మాత్రం వద్దన్నారు.

వారి తండ్రి 1960ల మధ్యలో హైవే మీద ఒక బంకులో పనికి చేరాడు. అక్కడ అప్పటికి కరెంటు పంపు లేదు. మనిషి నిలబడి పిడి త్రిప్పాలి. పంపు పైభాగాన రెండు గాజు పాత్రలు ఉంటాయి. ఒకటి నిండుతూ ఉండగా రెండవది గొట్టం గుండా బండిలోకి ఖాళీ అవుతుంది. నిండిన పాత్రను కొనేవాడు తన కళ్లతో చూచుకొంటాడు గనుక కొలతలో మోసం జరిగిందన్న మాట రాదు. అసలు అమెరికాలో ఆ గాజు పాత్రలు వచ్చిందే అందుకు. అక్కడ ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ పట్టణంలో సిల్వానస్ బౌజర్ అనే ఆయన 1885లో మొదటి పంపు తయారుచేసి అమ్మాడు. అది కిరసనాయిలుకు. మోటారు కార్లు వచ్చాక అదే పద్ధతి పెట్రోలుకు వచ్చింది. లోపల ఎంత పోస్తున్నారో కనబడడం లేదని జనం అనుమానించడంతో, తరువాత పంపుల తయారీదారులు గాజు పాత్ర పెట్టారు. ఇప్పుడు మనం నీళ్ల ట్యాంకరును, ఆయిలు ట్యాంకరును "బౌజరు" అంటున్నామే, అది ఆయన ఇంటిపేరే.

ఆ బంకు మూతపడిన రోజున యజమాని దగ్గర ఇవ్వవలసిన జీతానికి డబ్బు లేదు. బాకీ క్రింద ఈ పంపును తీసుకుపొమ్మన్నాడు. నాటుబండి మీద ఇంటికి తెచ్చి పశువుల సాలలో నిలబెట్టారు. అప్పటినుండి దాని మీద కోళ్లు పడుకొంటున్నాయి. ఇప్పుడు విశాఖపట్నం వైపు హోటలు కట్టుకొంటున్న ఒక వ్యాపారి దాన్ని గుమ్మం ముందు నిలబెట్టడానికి కొంటానన్నాడు. మంచి ధరే చెప్పాడు. అయితే ఒక షరతు పెట్టాడు. పంపుకు పసుపు రంగు వేసి, ఆల్చిప్ప గుర్తు గీయించి, క్రింద "1930" అని వ్రాయించి ఇవ్వాలి. అలా కాకుంటే సగం ధరే.

పెద్దవాడికి కూతురి నర్సింగు చదువు ఫీజు నెత్తి మీద ఉంది. "రంగే కదండీ, దానిలో పాపమేముంది?" అన్నాడు. చిన్నవాడు, "అది ఆ కంపెనీ పంపు కాదన్నయ్యా" అన్నాడు. తండ్రి నులక మంచం మీద కూర్చుని ఏమీ అనలేదు.

ఆల్చిప్ప గుర్తు షెల్ కంపెనీది. పసుపు, ఎరుపు దాని రంగులు. మన దేశంలో అది బర్మా షెల్ పేరుతో 1928 నుండి వ్యాపారం చేసింది. 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకొన్నది. 1977 నుండి అది భారత్ పెట్రోలియం అయింది. ఎస్సో కంపెనీ 1974లో ప్రభుత్వం చేతికి వచ్చి హిందుస్తాన్ పెట్రోలియంగా మారింది. మన విశాఖపట్నంలో 1957లో ఆయిలు శుద్ధి కర్మాగారం పెట్టిన కాల్టెక్స్‌ను 1976లో ప్రభుత్వం తీసుకొని 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిపింది. కాల్టెక్సుకు ఎర్ర నక్షత్రం గుర్తు. ఎస్సోకు నీలం అంచు గల కోడిగుడ్డు ఆకారంలో ఎర్ర అక్షరాలు. ఇండియన్ ఆయిల్‌కు నారింజ రంగు వలయం, మధ్యలో నీలం పట్టీ. ఆ నాలుగైదేళ్లలో దేశమంతటా బంకుల బోర్డులు మారాయి. పంపు అదే, త్రిప్పే మనిషి అతడే, పైన రంగు మాత్రం వేరు. పాత రంగును పూర్తిగా గీకకుండానే దానిపై కొత్త రంగు వేసిన పంపులో పాత పూతలు అలాగే మిగిలిపోతాయి. ఇటువంటి వస్తువును బాగుచేసేవారికి ఇది ఎంతో మేలు.

అందుచేత నేను ఆ అన్నదమ్ములతో, "రంగు మీరు ఎంచుకోవద్దు, నేనూ ఎంచను. ముందు పంపునే అడుగుదాం" అన్నాను.

అడిగే పద్ధతి ఇది. ఇంట్లో పాత ట్రంకు పెట్టె, ఇనుప మంచం, సైకిలు, ఇంజను ఏది ఉన్నా ఇదే పద్ధతి పనికివస్తుంది. రెగ్మాలుతో మొత్తం గీకడం మొదలుపెట్టవద్దు. మెకానిక్కులు వాడే వాటర్ పేపరు, 400 నంబరుది, తెచ్చి నీళ్లలో తడిపి, రూపాయి బిళ్లంత చోట మెల్లగా గుండ్రంగా రుద్దాలి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ అరుగుతుంది గనుక, చెట్టు మొద్దు నరికితే కనబడే వలయాల వలె ఒక్కొక్క పూత ఒక్కొక్క వలయంగా బయటపడుతుంది. అన్నిటికంటె లోపల ఇనుముకు అంటుకొని ఉన్న బూడిదరంగునో ఇటుకరంగునో చూచి ఇదే అసలు రంగు అనుకోవద్దు. అది తుప్పు పట్టకుండా మొదట వేసిన ప్రైమరు. దాని పై వలయమే మొదటి రంగు.

ఎండపడే వైపు నుండి రంగు తీసుకోకూడదు. ఎరుపు ఎండకు వెలిసి గులాబి పొడిలాగ అవుతుంది, పసుపు పాలిపోతుంది. దాగి ఉన్న చోట్లు చూడాలి. ఇత్తడి బిళ్ల వెనుక, తలుపు కీలు సందున, నాజిల్ తగిలించే కొక్కెం క్రింద, రబ్బరు వాషరు అడుగున రంగు వేసిన నాటి వలెనే ఉంటుంది.

ఒకే చోట రుద్ది తీర్పు చెప్పవద్దు. ఈ మాట ఎందుకు అంటున్నానంటే, వారి ఇంట జరిగింది అదే. పెద్దవాడు నడుము క్రింద భాగంలో రుద్దితే పైన నీలం, దాని క్రింద ఎరుపు కనబడింది. "పంపు మొత్తం ఎరుపేనన్నమాట" అన్నాడు. అప్పుడు ముసలాయన మొదటిసారి నోరు విప్పాడు. "కాదురా. నడుం దాకా ఎరుపు, ఆ పైన తెలుపు. ప్రతి శనివారం ఆ తెలుపు నేనే తుడిచేవోణ్ని. మసి అంటితే ముందు దాని మీదే కనబడీది" అన్నాడు. కొడుకులు నమ్మలేదు. ఎనభై దాటిన మనిషి, కళ్లకు శుక్లాలు ఉన్నాయి, ఏదో అనుకొంటున్నాడనుకొన్నారు. పైభాగంలో, తలుపు కీలు సందున రుద్దారు. నీలం వలయం క్రింద తెలుపు వచ్చింది. కోడలు గబగబా వెళ్లి మామగారికి టీ పెట్టి తెచ్చింది.

మరుసటి రోజు అడుగుభాగంలో, దిమ్మకు బిగించే చోట, ఎరుపు క్రింద మరొక ముదురు ఆకుపచ్చ పూత కూడా దొరికింది. అంటే ఆయన చేరకముందే ఈ పంపుకు మరొక రంగు ఉండేది. ఇప్పుడు దేన్ని ఎంచుకోవాలి? అన్నిటికంటె పాతదే అసలుదని కొందరు అంటారు. నేను అలా అనుకోను. పాత వస్తువుకు ఉన్న రంగులన్నీ నిజమైనవే, ఒక్కొక్కటి ఒక్కొక్క కాలంలో. ఒక కాలాన్ని ఎంచుకొని, ఆ కాలానికే పూర్తిగా కట్టుబడి ఉండాలన్నది నా అభిప్రాయం. ఆకుపచ్చ వేస్తే డయలు మీద గ్యాలన్ల అంకెలు ఉండాలి. ఎరుపు, తెలుపు వేస్తే లీటర్లు ఉండాలి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, 1962 నాటికి పాత కొలతలు తీసివేశారు. ఒక గ్యాలను అంటే సుమారు 4.546 లీటర్లు. 1970ల చివర వచ్చిన నీలం రంగు వేసి, ముచ్చటగా ఉందని గ్యాలన్ల డయలు పెడితే అది ఎన్నడూ లేని పంపు అవుతుంది. ఈ కుటుంబానికి తండ్రి పనిచేసిన కాలమే ముఖ్యం. గనుక ఎరుపు, తెలుపు, లీటర్ల డయలు. ఆకుపచ్చ పూత దొరికిన చోట అరచేతి వెడల్పు అలాగే విడిచిపెట్టి పైన వార్నిషు వేయమన్నాను. తరువాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది.

ఎరుపు అంటే ఏ ఎరుపు? ఇక్కడే చాలామంది దుకాణంలో "రెడ్ ఇవ్వండి" అని తెచ్చుకొంటారు. రంగులకు మన దేశంలో ఐ.ఎస్. 5 అనే ప్రమాణం ఉంది. అందులో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క నంబరు. 537 సిగ్నల్ ఎరుపు, 538 పోస్టాఫీసు ఎరుపు, అంటే మన వీధి చివర పోస్టు డబ్బా రంగు. పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. షేడు కార్డు అడిగి ఇంటికి తెచ్చుకొని, తడిపి తుడిచిన పాత వలయం పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూడండి. దుకాణంలో ట్యూబులైటు క్రింద సరిపోయిన రంగు బయట సరిపోదు. చీరకు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు మన అక్కచెల్లెళ్లు దుకాణం గుమ్మం దాకా వచ్చి వెలుతురులో చూస్తారే, వారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇక రంగు కంటె ముఖ్యమైన మాట. దయచేసి దీన్ని దాటి పోవద్దు.

పాత ఎనామిల్ రంగులలో, ముఖ్యంగా ఎరుపు, పసుపు, నారింజ రంగులలో సీసం ఉండేది. తుప్పుకు వేసే పాత సిందూరం ప్రైమరు సీసమే. పొడిగా గీకితే ఆ పొడి గాలిలో లేచి ఊపిరితో లోపలికి పోతుంది, నేల మీద పడి ప్రాకే పిల్లల చేతులకు అంటి నోటిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను చెరుపుతుంది. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు కూడా కీడు. ఇండ్లలో వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. 2017 నవంబరు నుండి అవి అమలులోకి వచ్చాయి. అంతకు ముందటి పూత ఏదైనా సీసం ఉన్నదనుకొనే పని చేయాలి. తడిపి మాత్రమే రుద్దాలి. మంటతో కాల్చి రంగు ఊడదీయరాదు. ముక్కుకు ఉత్త తువ్వాలు చాలదు, దుమ్మును ఆపే మంచి మాస్కు పెట్టుకోవాలి. క్రింద ప్లాస్టిక్ పట్టా పరచి, వచ్చిన బురదను మూటకట్టి, కోళ్లు పశువులు తిరగని చోట, నూతికి దూరంగా భద్రం చేయాలి. ఆ బట్టలు ఇంటిల్లిపాది బట్టలతో కలిపి ఉతకవద్దు.

పెట్రోలు పంపుకు మరొక ప్రమాదం కూడా ఉంది. ఎన్నేళ్లు ఖాళీగా ఉన్నా లోపలి గొట్టాలలో, తొట్టెలో పెట్రోలు ఆవిరి మిగిలి ఉండవచ్చును. వెల్డింగుకు ముందు తెలిసిన మెకానిక్కుతో అన్నీ విప్పించి, కడిగించి, ఆరబెట్టించాలి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి ఆగిపోయింది. అంతకు ముందటి పంపులోని మడ్డిలో సీసం కూడా ఉంటుంది.

రంగు నోటిలోకి పోతుందన్న భయం మన ప్రాంతానికి కొత్తది కాదు. వరాహ నది ఒడ్డున మన ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను లేతు మీద త్రిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. మధ్యలో రసాయన రంగులు వచ్చి ఆ పనిని కమ్ముకొన్నాయి. పసిబిడ్డ నోట పెట్టుకొనే గిలక్కాయకు ఏ రంగు వేస్తున్నామని ఆలోచించి, గింజలు, బెరడు, వేళ్లు, ఆకుల నుండి రంగులు తీసే పనిని అక్కడివారు మళ్లీ నిలబెట్టారు. ఆ పనిలో ముందు నడిచిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్క రంగు ఇనుప పంపుకు పనికిరాదు, ఎండకు నిలవదు. అయినా చూడడానికి బాగుంటే చాలు అని అనకుండా, ఎవరి చేతికి, ఎవరి నోటికి పోతుంది అని అడిగిన పల్లె మన పక్కనే ఉన్నదని చెబుతున్నాను.

ఇప్పుడు పూత సంగతి. తుప్పు మీద రంగు వేస్తే వచ్చే వర్షాకాలానికే పొక్కులు లేస్తాయి. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో, నిలువని గోడకు పైపూత పూసిన వారి గురించి ప్రవక్త పలికిన మాటలు మీరు చదివే ఉంటారు. వాన వచ్చి గోడ కూలినప్పుడు, మీరు పూసిన పూత ఏది అని అడుగుతారంటాడు. మన వైపు సముద్రపు గాలిలో ఇనుముకు అంత గడువు కూడా ఉండదు. తుప్పు పూర్తిగా పోయేదాకా రుద్ది, అదే రోజున రెడ్ ఆక్సైడ్ ప్రైమరు వేయాలి. మరునాటికి వాయిదా వేస్తే రాత్రి చెమ్మకే మళ్లీ తుప్పు మొదలు. గుంటలకు మెటల్ పేస్టు పెట్టి, ఆరాక తడి కాగితంతో సాఫు చేసి, పలుచగా రెండు మూడు పూతలు వేయాలి. డ్యూకో స్ప్రే త్వరగా ఆరుతుంది గాని వానరోజుల్లో కొడితే గాలిలో చెమ్మకు పూత మీద తెల్లని మబ్బు కమ్ముతుంది. బ్రష్షుతో వేసే ఎనామిల్ ఆలస్యంగా ఆరినా ఇంట్లో చేసుకొనేవారికి అదే మేలు.

కొన్నిటికి రంగు వేయకూడదు. ఇత్తడి బిళ్లలకు, నాజిల్‌కు, తూనికలు కొలతల ఇన్స్పెక్టరు వేసిన సీసపు ముద్రకు వేయవద్దు. ఆ ముద్ర ఉన్నది కొలత సరైనదని సాక్ష్యం చెప్పడానికి. ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయంలో దేవుడు తన ప్రజల సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉండకూడదన్నాడు. ఒక వస్తువును అమ్మడంలో ఆయనకు పట్టింపు ఉన్నదని దానివలన తెలుస్తోంది. రేషను షాపుల్లో ఇచ్చిన కిరసనాయిలుకు నీలం రంగు కలిపినది కూడా అందుకే. బీదవాడి వాటాను దారిమళ్లించి అమ్మితే రంగే పట్టిస్తుంది.

పిడికి కూడా రంగు వేయవద్దని ముసలాయన చెప్పాడు. కర్ర పిడి అరచేతి ఆకారంలో అరిగి ఉంది. దానికి అవిసె నూనె మాత్రం రాశారు.

అక్షరాల దగ్గరకు వస్తే, ఫ్లెక్సీ స్టిక్కరు అంటించడం సులువే. కాని పాత పంపు మీద అక్షరాలు చేతితో వ్రాసినవి. మన ఊళ్లలో బోర్డులు, గోడలు వ్రాసిన చిత్రకారులు ఫ్లెక్సీలు వచ్చాక పని లేక కూలికి పోతున్నారు. అటువంటి ఒకరిని పిలిపించమన్నాను. కూలి ఎంత అని ముందే మాట్లాడుకొని, పని అయిన సాయంకాలమే ఇవ్వమన్నాను. యిర్మీయా 22వ అధ్యాయంలో, పనివారికి జీతం ఇయ్యక మేడ కట్టించుకొని, దానికి ఎర్రరంగు వేయించుకొన్న రాజు మీద ప్రవక్త ఎంత కఠినంగా పలికాడో చదవండి. బాకీ జీతం క్రింద వచ్చిన పంపు ఇది. దానికి రంగు వేసినవాడి జీతం కూడా బాకీ పడితే ఎలా?

ఇక పెద్ద కుమారుడు అడిగిన ప్రశ్నకు వస్తున్నాను. "రంగే కదా, పాపమేముంది?" పసుపు రంగు వేయడం పాపం కాదు. పంపును తన ఇంటి ముందు పెట్టుకొని ఇష్టమైన రంగు వేసుకొంటే ఎవరికీ నష్టం లేదు. అమెరికాలో ఇటువంటి పంపులు సేకరించేవారు చాలామంది ఉన్నారు. వారిలోనూ, ఏ పంపుకైనా పేరున్న కంపెనీ రంగు వేసి మురిసేవారు ఉన్నారు, అసలు రంగు వెదికేవారూ ఉన్నారు. అయితే ఆ గుర్తు గీసి, "1930" అని వ్రాసి, దాని కోసమని రెండింతల ధర తీసుకొంటే అప్పుడు అమ్మినది రంగు కాదు, ఒక సంగతి. ఆ సంగతి నిజం కాదు. వ్యాపారికి తెలిసే అడిగాడు కదా అని పెద్దవాడు అన్నాడు. వ్యాపారికి తెలుసు. హోటలుకు వచ్చి దాని పక్కన ఫోటో దిగి, పిల్లవాడికి ఇది 1930 నాటిదని చెప్పే తండ్రికి తెలియదు. పైగా, ఆ పిడి త్రిప్పి కుటుంబాన్ని పోషించిన మనిషి ఆ ఇంట్లోనే బ్రతికి ఉన్నాడు. తాను ఎన్నడూ చూడని రంగును ఆయన ఎదుటే దానికి పూయడం నాకు కష్టంగా తోచిందని చెప్పాను. ఫీజు భారం తక్కువదని మాత్రం నేను అనలేదు. ఆడపిల్ల చదువు మధ్యలో ఆగకూడదు. సంఘంలోని చదువు సహాయ నిధి నుండి కొంత అడుగుదామని చెప్పాను. అది అంతటికీ చాలదు.

పెద్దవాడు వ్యాపారికి ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఎరుపు, తెలుపు రంగుల్లో, ఇది ఫలానా కాలంలో ఈ హైవే మీద పనిచేసిన పంపు అని చిన్న పలక వ్రాయించి ఇస్తామన్నాడు. వ్యాపారి చూచి చెబుతానన్నాడు, ఈ వ్యాసం వ్రాసేనాటికి జవాబు రాలేదు. తక్కువ పడిన డబ్బుకు తమ్ముడు తన పెయ్యను అమ్ముతానంటున్నాడు, అన్న వద్దంటున్నాడు. వారి కోసం ప్రార్థించండి.

ఈ సంగతి విని మరొక సహోదరి తన అమ్మమ్మగారి కుట్టుమిషను గురించి అడిగారు. నల్లని మిషను, మీద బంగారు తీగలు, పువ్వులు, సగం చెరిగిపోయి ఉన్నాయి, కొత్తగా నల్లరంగు కొట్టించనా అని. అమ్మా, దానికి రంగు వేయించవద్దు. ఆ పువ్వులు నల్లరంగు మీద అద్దిన బొమ్మలు. రంగు వేస్తే అవి శాశ్వతంగా పోతాయి. కిరసనాయిలు, టిన్నరు, సోడా సబ్బు తగలనివ్వకండి. మెత్తని నూలు గుడ్డకు రెండు చుక్కల మిషను నూనె వేసి, పువ్వుల మీద ఒత్తకుండా తుడవండి. మురికి ఒకేసారి వదలదు. నాలుగైదు రోజులు, రోజుకు కొంచెం చొప్పున తుడిచి, పొడి గుడ్డతో అద్ది వదలివేయండి. చక్రం ఇరుసులో నూనె వేయడం మరచిపోకండి.